గ్రేస్ ఓమాలీ మొగుణ్ణి కోట బయట నిలబెట్టిందా? పాత ఐర్లాండ్‌లో ఆడవాళ్ల హక్కుల మీద చర్చ

డబ్లిన్_తమ్ముడు:
ఉద్యోగరీత్యా డబ్లిన్‌లో ఉంటున్నా. ఈమధ్య మేయో వైపు వెళ్లి క్లూ బే ఒడ్డున రాక్‌ఫ్లీట్ కోట చూశాను. 16వ శతాబ్దంలో ఓడలు నడిపిన గ్రేస్ ఓమాలీ ఉన్న కోట అది. రెండో పెళ్లప్పుడు రిచర్డ్ బర్క్‌తో ఆమె "ఏడాది చూద్దాం, కుదరకపోతే ఎవరి దారి వాళ్లది" అని ఒప్పందం చేసుకుందట. ఏడాది తిరిగేసరికి కోటలోకి పోయి తలుపులు వేసుకుని, పైనుంచి "నీకూ నాకూ చెల్లు" అనేసిందట. కోట ఆమెకే మిగిలిందట. అక్కడి బ్రెహన్ చట్టాల్లో, అంటే ఇంగ్లిష్ చట్టం రాకముందు నడిచిన పాత ఐరిష్ చట్టాల్లో, ఆడవాళ్లకి నిజంగా ఇంత హక్కు ఉండేదా? లేక టూరిస్టులకి చెప్పే కబుర్లా?

సీతాఫలం:
ఉండేది. భార్యాభర్తల సంబంధాల మీద సుమారు 700 నాటికే అక్కడ ప్రత్యేకంగా ఒక చట్టం రాసి పెట్టుకున్నారు. ఇద్దరూ సమానంగా ఆస్తి తెచ్చుకున్న పెళ్లి, మగవాడి ఆస్తి మీద నడిచే పెళ్లి, ఆడదాని ఆస్తి మీద నడిచే పెళ్లి, ఇలా తొమ్మిది రకాలు చెప్పారు. విడిపోతే భూమి ఎవరిది, పశువులు ఎవరివి, చాకిరీ ఎవరిది అని చూసి పంచేవాళ్లు. ఉన్ని, పాడి పనుల్లో ఆమె కష్టాన్ని కూడా లెక్కగట్టేవాళ్లు. మచ్చ పడేలా కొట్టినా, పడకగది సంగతులు నలుగురిలో చెప్పినా, కాపురానికి పనికిరాకపోయినా భర్తని వదిలేయొచ్చు. అదే కాలంలో మిగతా యూరప్ ఎలా ఉందో చూసుకోండి.

ఊరికే_చూస్తున్నా:
పడకగది సంగతులు చెబితే విడాకులా! మా ఆఫీసులో సగం మంది బ్రహ్మచారులైపోతారు.

పాతదస్త్రం:
సీతాఫలం గారూ, మీకు నచ్చిన పేజీలే చదువుతున్నారు. అదే చట్టాల్లో ఇంకోచోట ఏముందో చెప్పనా? పిల్లగా ఉన్నప్పుడు తండ్రి అజమాయిషీ, పెళ్లయ్యాక భర్త అజమాయిషీ, తర్వాత కొడుకుల అజమాయిషీ. వాళ్ల అనుమతి లేకుండా ఆడది కొనకూడదు, అమ్మకూడదు, ఒప్పందం చేసుకోకూడదు. ఎక్కడో విన్నట్టుందా? "పితా రక్షతి కౌమారే, భర్తా రక్షతి యౌవనే". మన మనువు మాటే. ఈ పోలికని పండితులు ఎప్పుడో గుర్తించారు. భార్య పరువుకి కట్టిన వెల, అంటే అవమానిస్తే ఇవ్వాల్సిన పరిహారం, భర్త వెలలో సగం. బానిస స్త్రీని ఏకంగా విలువ కొలిచే ప్రమాణంగా వాడారు. ఇంతా చేసి భర్త రెండో భార్యని తెచ్చుకోవచ్చు. పెద్ద భార్యకి దక్కింది ఏమిటంటే, మూడు రోజులు ఆ వచ్చినదాన్ని కొట్టినా శిక్ష లేకపోవడం. దీన్నా మీరు స్వేచ్ఛ అంటున్నది?

సీతాఫలం:
కొనకూడదు అమ్మకూడదు అన్నది పాత పొర. మీరు చెప్పిన వాక్యమూ నేను చెప్పిన చట్టమూ ఒకే తరం ఆలోచన కాదు. సమానంగా ఆస్తి తెచ్చుకున్న భార్య, భర్త చేసిన తెలివితక్కువ బేరాన్ని ఆపగలిగేది. అన్నదమ్ములు లేని కూతురికి తండ్రి భూమి వచ్చేది.

పాతదస్త్రం:
బతికున్నంత కాలమే. చచ్చాక ఆ భూమి తిరిగి పుట్టింటి మగవాళ్లకే. ఆ సగం వాక్యం ఎందుకు మింగేశారు? సరే, అసలు ప్రశ్నకి వద్దాం. గ్రేస్ మొగుణ్ణి తరిమిందన్న కథ గురించి. 1577లో ఐర్లాండ్‌ని ఏలుతున్న ఇంగ్లిష్ అధికారి సర్ హెన్రీ సిడ్నీ దగ్గరికి ఆమె వచ్చింది. ఒక్కతే రాలేదు, భర్తతో వచ్చింది. రిచర్డ్ 1583లో పోయేదాకా వాళ్లిద్దరూ దంపతులే. తరిమేసిన మొగుడు పక్కన ఎలా ఉన్నాడు?

సీతాఫలం:
తరిమేసి మళ్లీ రానిచ్చి ఉండొచ్చుగా. కాపురాలు మీ దస్తావేజుల్లా ఒక్క తేదీతో తేలవు. ఐరిష్ మగవాళ్లు రాసుకున్న పెద్ద చరిత్ర "నలుగురు ఆచార్యుల వార్షికాలు" (అనల్స్ ఆఫ్ ది ఫోర్ మాస్టర్స్). అందులో ఈమె పేరే లేదు. కొడుకులూ మొగుళ్లూ ఉన్నారు. ఆమెని బతికించింది జనం చెప్పుకున్న కథలే.

పాతదస్త్రం:
కథలు కాదు, ఇంగ్లిష్ ప్రభుత్వ కాగితాలు. 1593లో ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ తరపున గ్రేస్‌కి 18 ప్రశ్నలు పంపారు. భర్త పోయిన ఐరిష్ విధవకి ఏం వస్తుంది అని అందులో ఒకటి. ఆమె జవాబు: మా ఆచారంలో ఇంగ్లిష్‌వాళ్లలా విధవకి మూడోవంతు భూమి ఇవ్వడం లేదు, తెచ్చుకున్న కట్నం తిరిగి రావాలి, అదీ చాలాసార్లు రాదు, మొగుళ్లు అప్పటికే తగలేసి ఉంటారు. మీరు పొగిడే ఆచారం గురించి మీ నాయిక చెప్పిన మాట ఇది.

కోర్టుపక్షి:
ఆ చివరి వాక్యం చదివి ఆగిపోయాను. మా అక్క కేసు నడుస్తూనే ఉంది. పెళ్లిలో పెట్టిన బంగారం లిస్టు, ఫొటోలు, బిల్లులు అన్నీ ఇచ్చాం. స్త్రీధనం ఆమెదే అని చట్టం చెబుతుంది. బంగారం మాత్రం రాలేదు. 700లోని చట్టంలో ఏం రాశారన్నది కాదు, ఎంతమందికి ఇచ్చారన్నది చెప్పండి ముందు.

సీతాఫలం:
అదే జవాబుల్లో ఇంకో మాట ఉంది, పాతదస్త్రం గారు దాచేశారు. రెండో భర్త పోయాక తన మనుషుల్ని పోగుచేసి, వెయ్యి ఆవులు, గుర్రాలతో వచ్చి రాక్‌ఫ్లీట్‌లో కాపురం పెట్టింది. హక్కు లేనిదే వెయ్యి పశువులు ఎలా వస్తాయి?

పాతదస్త్రం:
హక్కుతో రాలేదు, మనుషులతో వచ్చాయి. మీరే రాశారు "తన మనుషుల్ని పోగుచేసి" అని. బలం ఉంది కాబట్టి తోలుకొచ్చింది. బలం లేని విధవ ఏం తోలుకొస్తుంది?

సీతాఫలం:
ఆవులు ఆమెవి కావని ఎక్కడైనా ఉందా?

పాతదస్త్రం:
ఆమెవని చట్టం ఇప్పించిందని ఎక్కడైనా ఉందా?

ఊరికే_చూస్తున్నా:
ఆవుల్ని ఎవరైనా కట్టేయండి బాబూ, పేజీ అంతా తిరుగుతున్నాయి.

పాతదస్త్రం:
నవ్వులాటగా ఉందా? కథలు పట్టుకుని చరిత్ర అంటే ఇలాగే ఉంటుంది. ముసలమ్మలు పొయ్యి దగ్గర చెప్పుకునేవన్నీ సాక్ష్యమైతే ఆర్కైవులు ఎందుకు, మూసేద్దాం.

సీతాఫలం:
ఆ మాట అనేశారు కదా. ఒక యూనివర్సిటీలో ఆడవాళ్ల దంపుడు పాటలు, అప్పగింతల పాటల మీద పరిశోధన చేస్తానంటే మా గైడ్ అన్నదీ ఇదే, "ముసలమ్మల పుక్కిటి పురాణాలు". టాపిక్ మార్పించాడు. ఐర్లాండ్‌లోనూ శవం దగ్గర శోకాలు పెట్టే ఆడవాళ్లని చర్చి వందల ఏళ్లు నోరు మూసుకోమంది. 1773లో భర్త ఆర్ట్ ఓలియరీని కాల్చి చంపితే ఐలీన్ ఓకానెల్ శోకించింది. దోసిళ్లతో అతని రక్తం తాగానని అందులోనే చెప్పుకుంది. ఆ శోకం ఆడవాళ్ల నోళ్లలో ఉండబట్టే మనకి మిగిలింది. ఆమె కాగితం మీద పెట్టలేదు. అందుకని అదీ కబురేనా?

పాతదస్త్రం:
మీ గైడ్‌ని నా నెత్తిన రుద్దకండి. నేను సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఎన్టీఆర్ 1986లో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా చట్టం తెచ్చాక ఏం జరిగిందో కళ్లారా చూశాను. అన్నదమ్ములు చెల్లెళ్లని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు. "నా ఇష్టపూర్వకంగా, ఎవరి ప్రోద్బలం లేకుండా హక్కు వదులుకుంటున్నాను" అని సంతకం పెట్టించి, పసుపుకుంకుమల కింద ఓ చీర చేతిలో పెట్టి తీసుకుపోయేవాళ్లు. మా చెల్లెలి పెళ్లి చట్టానికి ముందే అయిపోయింది, దానికి ఆ సంతకం భాగ్యం కూడా లేదు. వాటా అడిగితే మా పెదనాన్న ఏమన్నాడో తెలుసా? "మన ఇళ్లలో ఆడవాళ్లు మహలక్ష్ములు, మా నాయనమ్మ గుర్రమెక్కి పొలం చూసేది, మనకి చట్టాలు దేనికి?" అన్నాడు. గుర్రమెక్కిన నాయనమ్మ కథ వినీ వినీ మా చెల్లెలికి ఒక్క సెంటు రాలేదు. అందుకే గ్రేస్ ఓమాలీ అనగానే నాకు ఒళ్లు మండుతుంది.

డబ్లిన్_తమ్ముడు:
ఇదా సంగతి. ఇప్పటిదాకా ఐర్లాండ్ గురించే కొట్టుకుంటున్నారనుకున్నా.

సీతాఫలం:
మీ పెదనాన్న మీద కోపం నాకూ వస్తోంది. కానీ బాబాయ్, "ఇష్టపూర్వకంగా" అని ఉన్న ఆ కాగితాలు అబద్ధమని మీరే చెప్పారు. రేపు వందేళ్ల తర్వాత ఎవరో వాటిని చదివి "ఆంధ్రా ఆడపిల్లలు సంతోషంగా ఆస్తి వదులుకున్నారు" అని రాస్తే? నిజం ఎక్కడుంటుంది? మీ చెల్లెలు తన మనవరాలికి చెప్పే మాటలో ఉంటుంది. గ్రేస్ జవాబు కూడా అలాంటి కాగితమే. ఆమె అడిగిందే మూడోవంతు ఇప్పించమని. మా ఆచారంలో బోలెడు హక్కులున్నాయని రాస్తే రాణి ఎందుకిస్తుంది? ఆ సెప్టెంబరులో గ్రీనిచ్‌లో ఎలిజబెత్‌ని కలిసి, మేయో ఉన్న కనాట్ ప్రాంతానికి గవర్నర్ అయిన బింగమ్‌కి రాణి చేత ఉత్తరం రాయించుకుంది, ఈ ముసలామెకి బతుకుతెరువు చూడమని. పని జరిగేలా జవాబు రాసింది.

పాతదస్త్రం:
అవసరం కొద్దీ రాసిందన్నది మీ ఊహ. ఉన్న కష్టమే రాసిందని నేనంటాను. మా చెల్లెలి మాట సాక్ష్యమే, దాన్ని కాదనను. తన మీద పడినదాన్ని తను చెబుతోంది. మొగుణ్ణి బయట నిలబెట్టిందన్న మీ కోట గోడమీది కథ ఎవరు ఎవరికి చెప్పారో తెలియదు. చెప్పుకున్నవాళ్లలో మా పెదనాన్నలాంటివాళ్లు ఎంతమందో?

కోర్టుపక్షి:
రాణి ఉత్తరం ఇచ్చాక బింగమ్ ఆమెకి డబ్బిచ్చాడా? ఎవరైనా అది చెప్పండి.

సీతాఫలం:
మనసారా ఇచ్చినట్టు లేదు. ఆ తర్వాత కూడా ఆమె లండన్‌కి మళ్లీ అర్జీ పెట్టుకుంది.

కోర్టుపక్షి:
అనుకున్నా.

పాతదస్త్రం:
మరి ఆవుల సంగతి ఇంకా తేల్లేదు.