ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్‌లు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా వినాలి?

ప్రశ్న
పానగల్లు కట్ట, నల్లగొండ

సభ్యులందరికీ నమస్కారం. నేను చిన్నతనంలో ఆరేళ్లపాటు మృదంగం నేర్చుకున్నాను. ఇప్పుడు శనివారాలు భజన మండలిలో వాయించడం తప్ప కచేరీల జోలికి పోలేదు. రెండు నెలల క్రితం ఒక మిత్రుడు పింక్ ఫ్లాయిడ్ బృందం వారి ‘మనీ’ అనే పాట వినిపించాడు. మొదట్లో నాణేల గలగల, గల్లాపెట్టె యంత్రం చప్పుడు ఒక వరుసలో తిరుగుతుంటే నా వేళ్లు వాటంతటవే తొడ మీద లెక్క మొదలుపెట్టాయి. చుట్టు ఏడు దగ్గర పూర్తయింది. మిశ్రచాపు వాయించిన చేతికి ఏడు కొత్త కాదు గాని, రాక్ పాటలో దాన్ని వినడం నాకు అదే మొదటిసారి. శాక్సోఫోన్ వాయించినంతసేపూ ఏడే నడిచి, గిటారు అందుకోగానే లెక్క నాలుగుకు మారింది. తర్వాత మళ్లీ ఏడుకు వచ్చింది. ఆ మలుపు సరిగ్గా ఎక్కడ పడిందో పట్టుకోవడానికి ఆ రాత్రి ఆ పాటను పదకొండుసార్లు విన్నాను.

అప్పటి నుండి పొడవైన పాటలు, మారే లెక్కలతో సాగే ఈ ప్రోగ్రెసివ్ రాక్ అనే రాక్ శైలి వెంట పడ్డాను గాని, తోవ దొరకడం లేదు. ఉద్యోగరీత్యా రోజూ దేవరకొండకు బస్సులో వెళ్లి వస్తాను కాబట్టి, ఎవరో కూర్చిపెట్టిన పాటల జాబితాను ఫోనులో పెట్టుకొని వింటున్నాను. ఒక పాట పద్దెనిమిది నిమిషాలు, మరొకటి ఇరవై మూడు. కొన్ని పాటలు ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి తెగిపోతున్నాయి. ఏ ఆల్బమ్ ముందు వినాలో, ఈ పాటలు ఇంత పొడవు ఎందుకు ఉంటాయో, లెక్క ఎలా పట్టాలో తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం
పాలమూరు పాత రికార్డులు, మహబూబ్‌నగర్

పాటలు ఉన్నట్టుండి తెగిపోతున్నాయని రాశారు. మీ ఇబ్బందంతా అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే వాటిని తెగ్గొట్టింది మీరు పెట్టుకున్న జాబితాయే. మీరు విన్న ‘మనీ’ 1973 మార్చిలో వచ్చిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ అనే ఆల్బమ్‌లో రెండో వైపు మొదటి పాట. ఆ రికార్డులో వైపుకు ఐదు చొప్పున పది భాగాలున్నాయి, ఒక్కో వైపు ఆసాంతం ఒక పాట చివర మరో పాటలోకి జారిపోతూ నడుస్తుంది. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. అందులోంచి ఒక పాటను పీకి వింటే మొదలూ చివరా తెగినట్టే వినిపిస్తుంది. ముందు ఫోనులో పాటలను కలగాపులగం చేసే షఫుల్ ఆపివేయండి. పాటకూ పాటకూ నడుమ ఖాళీ రాకుండా మోగించే ఏర్పాటు ఉంటే పెట్టుకోండి.

పొడవు సంగతి రికార్డు తయారీతో ముడిపడి ఉంది. నిమిషానికి ముప్పైమూడు చుట్లకు కాస్త పైగా తిరిగే ఎల్పీ (లాంగ్ ప్లే) రికార్డులో ఒక వైపు సుమారు ఇరవై, ఇరవై రెండు నిమిషాల సంగీతం హాయిగా పడుతుంది. అంతకు మించి ఎక్కించాలంటే ముల్లు నడిచే గాడులు దగ్గరదగ్గరగా రావాలి, అప్పుడు ధ్వని తగ్గించక తప్పదు, మంద్రస్వరాలు పలచబడతాయి. అందువల్ల ఆ కాలపు సంగీతకారులు మూడు నిమిషాల పాటను పక్కనపెట్టి, రికార్డులో ఒక వైపునే తమ కొలతగా తీసుకున్నారు. యెస్ బృందం 1972లో తెచ్చిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’లో మొదటి వైపంతా నాలుగు భాగాల ఒకే పాట, రెండో వైపు రెండు పాటలు. జెథ్రో టల్ వారు అదే ఏడాది ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’లో రెండు వైపులా కలిపి ఒక్కటే పాట పెట్టి, అట్టను పన్నెండు పేజీల పల్లెటూరి వార్తాపత్రికలా అచ్చువేయించారు. వారి అంతకుముందు ఆల్బమ్ ‘ఆక్వాలంగ్’ను విమర్శకులు ఒకే కథాంశం చుట్టూ అల్లిన ఆల్బమ్ అన్నందుకు, వేణువు వాయిస్తూ పాడే ఇయన్ ఆండర్సన్ ఇచ్చిన జవాబు అది.

నా సలహా ఏమిటంటే, ముందు పింక్ ఫ్లాయిడ్ వారి 1975 నాటి ‘విష్ యూ వర్ హియర్’ వినండి. ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ అనే దీర్ఘ రచనను రెండుగా చీల్చి ఆల్బమ్ మొదట్లో సగం, చివర్లో సగం పెట్టారు. బృందం తొలినాళ్ల గాయకుడు, 1968లో దూరమైన సిడ్ బారెట్‌ను తలచుకొని కట్టిన పాట అది. 1975 జూన్‌లో ఆ పాటకు తుదిమెరుగులు దిద్దుతున్న రోజున బారెట్ స్వయంగా అబ్బీ రోడ్ స్టూడియోకు వస్తే, మనిషి అంతగా మారిపోయినందున తోటివారే చాలాసేపు గుర్తుపట్టలేకపోయారు. ఈ సంగతి తెలిసి వింటే ఆ మొదటి నాలుగు గిటారు స్వరాలు మరోలా వినిపిస్తాయి. ఆ తర్వాత ‘క్లోజ్ టు ది ఎడ్జ్’, దాని తర్వాత 1969లో కింగ్ క్రిమ్సన్ తెచ్చిన ‘ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్’ వినండి.

ఈ చివరిదానిలో ‘ఎపిటాఫ్’ పాట వెనుక వయొలిన్ల గుంపులా వినిపించేది మెలోట్రాన్ అనే మీటల వాద్యం. ప్రతి మీట కింద ఒక టేపు ముక్క ఉంటుంది, దాని మీద ముందే పట్టిన ఒక స్వరం ఉంటుంది. మీట నొక్కితే టేపు కదిలి మోగుతుంది, ఎనిమిది సెకన్లకు అయిపోతుంది, వేలు తీస్తే వెనక్కి పోతుంది. కాబట్టి వాద్యకారుడు ఎంత కోరుకున్నా ఏ స్వరాన్నీ అంతకు మించి పట్టుకోలేడు. ఆ స్వరాల్లో ఉండే సన్నని వణుకు కూడా టేపు వల్ల వచ్చినదే.

ఆ వణుకు ఎంతవరకు వాద్యానిదో నాకు తెలియకుండా పోయిన సందర్భం ఒకటుంది. మూడేళ్ల క్రితం నేను ఈ రికార్డును ఇంటర్నెట్ ద్వారా తెప్పించుకుంటే, అమ్మినవారు దాన్ని నడివేసవిలో పలుచని అట్టపెట్టెలో పంపారు. మా పాలమూరు ఎండకు ఎక్కడో వాహనంలో రోజంతా మగ్గినట్టుంది, అంచు కాల్చిన అప్పడంలా లేచి వచ్చింది. చుట్టు చుట్టుకూ ముల్లు పైకి లేచి దిగుతుంటే పాటంతా ఊగింది. మార్చి ఇవ్వమంటే ఒప్పుకోలేదు. అందుకే చెబుతున్నాను, మీరు రికార్డులు కొనాలనుకుంటే వానాకాలం వచ్చాక తెప్పించుకోండి, నిలువుగా నిలబెట్టి దాచండి, రేకుల గదిలో మాత్రం పెట్టకండి. ఇప్పటికైతే ఫోను చాలు. కాకపోతే బస్సులో కూడా ఒక వైపును మధ్యలో ఆపకుండా ఒకే విడతలో వినండి.

సమాధానం
సాగర్ ఎడమ కాలువ, మిర్యాలగూడ

పాలమూరు వారు చెప్పిన వరుసలో జెనెసిస్ బృందం లేకపోవడం నాకు లోటుగా అనిపించింది. మృదంగం తెలిసిన మనిషికి నేనైతే 1972 నాటి ‘ఫాక్స్‌ట్రాట్’ ముందు ఇస్తాను. దాని రెండో వైపు చిన్న గిటారు ముక్క ఒకటి గడిచాక ‘సప్పర్స్ రెడీ’ అనే ఇరవై మూడు నిమిషాల పాట వస్తుంది, అందులో ఏడు ఘట్టాలున్నాయి. మీరు ఒగ్గు కథ వినే ఉంటారు. మల్లన్న కథ చెప్పేటప్పుడు ప్రధాన కథకుడు ఒక్కడే ఒక క్షణం మల్లన్నగా, మరుక్షణం మరో పాత్రగా మారిపోతుంటే, పక్కన డోలు నడక ఆ మార్పుకు తగ్గట్టు మారుతుంది. జెనెసిస్ గాయకుడు పీటర్ గేబ్రియల్ ఈ పాటలో గొంతులు మార్చే తీరు వింటుంటే నాకు మా ఊరి బీరప్ప గుడి ముందు తెల్లవార్లూ కూర్చున్న రాత్రులు గుర్తుకు వస్తాయి. ఒగ్గు కథను నడుమ నుండి విని బాగాలేదని ఎవరూ అనరు, ఈ పాటకూ అదే మర్యాద ఇవ్వాలి.

ఆరో ఘట్టం మీకోసమే ఉన్నట్టుంటుంది. ఫిల్ కాలిన్స్ డ్రమ్స్, బేస్ గిటారు (మంద్రస్వరాల గిటారు), మామూలు గిటారు కలిసి తొమ్మిది లెక్కను మూడు, రెండు, నాలుగుగా విరిచి పట్టు విడవకుండా నడిపిస్తుంటే, దాని మీద టోనీ బ్యాంక్స్ ఆర్గన్ ఆ విరుపును లెక్కచేయకుండా తన దారిన తాను పోతుంది. మీరు తొడ మీద సంకీర్ణం, అంటే ఆ తొమ్మిది లెక్క, పట్టుకొని కూర్చోండి, ఆర్గన్ ఎటు లాగినా వదలకండి. ఆ ఘట్టం ముగిసి, మొదట్లో విన్న బాణీ నిండుగా తిరిగి వచ్చే చోట నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

సమాధానం
తుంగభద్ర గట్టు, గద్వాల

నేను వీణ నేర్పుతాను కాబట్టి లెక్క విషయమే చెబుతాను. మన పద్ధతిలో తాళం కృతి అంతటికీ ఒక్కటే, ఎన్ని నడకలు మార్చినా ఆవర్తనం, అంటే తాళం ఒక పూర్తి చుట్టు, మారదు. ఈ బృందాలలో చాలావరకు లెక్క సంగీత వాక్యాన్ని బట్టి మారుతుంది. ఏడు నడుస్తుండగా ఒక వాక్యం చివర ఎనిమిది రావచ్చు, దాన్ని తప్పుగా భావించకండి. ఆవర్తనం కోసం వెతకడం మానేసి, బేస్ గిటారు బాణీ ఎక్కడ మళ్లీ మొదటికి వస్తుందో వినండి.

రెండు సంప్రదాయాలూ ఒకే పందిట్లో వినాలంటే గిటారు వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌ను వదలకూడదు. ఆయన అమెరికాలో డాక్టర్ ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ అభ్యసించారు. మహావిష్ణు ఆర్కెస్ట్రా పేరుతో 1971లో ‘ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్’ చేశారు, దాన్ని జాజ్ వైపు చేర్చేవారే ఎక్కువ. ఆ తర్వాత ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటంతో శక్తి బృందాన్ని కట్టారు, వారి మొదటి ఆల్బమ్ 1976లో వచ్చింది. కొన్నేళ్ల తర్వాత అదే బృందం కొత్త రూపంలో మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారు కూడా వాయించారు. మృదంగం చేతికి ఇది దగ్గరి దారి.

పానగల్లు కట్ట, నల్లగొండ

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న బస్సులో ఫోను మోగకుండా చేసి ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ మొదటి వైపు ఆపకుండా విన్నాను. గద్వాల వారు చెప్పినట్టు బేస్ గిటారునే పట్టుకున్నాను. పక్షుల కూతలు, నీటి చప్పుడు తర్వాత వచ్చే ఉరవడిలో మూడుసార్లు తప్పిపోయి మళ్లీ అందుకున్నాను. మూడో భాగంలో డ్రమ్స్ ఆగిపోయి గొంతులు, ఆ తర్వాత చర్చి ఆర్గన్ మాత్రమే మిగిలినప్పుడు కూడా నా వేళ్లు తొడ మీద ఆగలేదు. డ్రమ్స్ తిరిగి వచ్చేసరికి నేను రెండు తాళాక్షరాలు ముందున్నాను. పాట మళ్లీ పక్షుల దగ్గరకు చేరేసరికి బస్సు మల్లేపల్లి దాటింది. ఆదివారం ఇంట్లో ‘ఫాక్స్‌ట్రాట్’ రెండో వైపు పెట్టుకొని, మృదంగం ముందు వేసుకొని, ఆ తొమ్మిది పట్టుకొని చూస్తాను.