నడిస్తే కొలెస్ట్రాల్ నిజంగా దిగుతుందా? మీ రిపోర్టులు చెప్పండి

బరంపురం చీరలకొట్టు:
నమస్తే అండీ. నాకు 47. బరంపురంలో పట్టుచీరల కొట్టు. పొద్దున్న పదికి పరుపు మీద కూర్చుంటే రాత్రి తొమ్మిదికే లేవడం. మొన్న పరగడుపున రక్తం ఇస్తే మొత్తం కొలెస్ట్రాల్ 248, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 162, మంచిదనే హెచ్‌డీఎల్ 36, రక్తంలోని మరో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 250 వచ్చాయి. బీపీ, షుగరు లేవు. మూడు నెలలు నడవండి, వేపుళ్లు తగ్గించండి, మాత్ర సంగతి అప్పుడు చూద్దాం అన్నారు డాక్టరుగారు. నడకతో దిగినవాళ్లున్నారా? ఎంత దిగింది?

పర్లాకిమిడి మాస్టారు:
బాబూ, నాది నాలుగేళ్ల నడక. వారానికి అయిదు రోజులు, రోజుకి నలభై నిమిషాలు. మొదటి నాలుగు నెలల్లో ట్రైగ్లిజరైడ్లు 260 నుంచి 170కి వచ్చాయి. హెచ్‌డీఎల్ 38 నుంచి 42. ఎల్‌డీఎల్ మాత్రం 150 నుంచి 141కి దిగి అక్కడే కూర్చుంది. చాలా దిగులు పడ్డాను. అప్పుడు మా డాక్టరుగారు విడమరిచి చెప్పారు: కదిలే కండ రక్తంలోని ట్రైగ్లిజరైడ్లను విడగొట్టి వాడుకుంటుంది, అందుకే అవి ముందు దిగుతాయి. ఎల్‌డీఎల్‌ని ఎక్కువగా తీసేసేది కాలేయం. అక్కడ తిండి, మాత్ర చేసేంత పని నడక చెయ్యలేదు. ఒకరోజు నడిచిన ఫలం ఒకటి రెండు రోజులకి మించి నిలవదు కూడా, మధ్యలో వారం మానేస్తే అంతే. నడిచేటప్పుడు మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ వేగం ఉండాలి.

సిరొంచ అన్న:
నేను చేసిన తప్పు చెప్త, మీరెవ్వరు చెయ్యకున్రి. డాక్టర్ కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ గోలి రాసిండు. పొద్దుగాల గోదారి దిక్కు నడుస్తున్న, పానం తేలికగున్నది, ఇంక గోలి ఎందుకని నాకు నేనే బంద్ చేసిన. నాలుగు నెలలకు ఎల్‌డీఎల్ 98 నుంచి 157 అయ్యింది. నొప్పి లేదు, ఆయాసం లేదు, పరీక్ష చేయించకుంటే తెల్వకనే పోవు. ఇప్పుడు గోలీ ఏసుకుంట, నడుస్త. ఎండకాలం మా గడ్చిరోలి దిక్కు ఎనిమిదైతే బయట నిలవలేం, అందుకే ఐదింటికే బయలెల్లుత.

రాయగడ అక్క:
మోకాళ్ల నొప్పులున్న ఆడవాళ్ల కోసం రాస్తున్నాను. నలభై నిమిషాలు ఒక్క బిగిన నడవడం నా వల్ల కాలేదు. అందుకని మూడు పూటలా తిన్నాక పావుగంట చొప్పున నడుస్తాను. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, కూర్చోవడం, ఇసక నింపిన సీసాలు ఎత్తడం. తొడల్లో బలం వచ్చాక మోకాళ్లు కూడా కొంత నెమ్మదించాయి. ఒక్క మాట, థైరాయిడ్ కూడా చూపించుకోండి. నాకు అది తక్కువుందని ఏడాది ఆలస్యంగా తెలిసింది, దానివల్ల కూడా కొలెస్ట్రాల్ పెరుగుతుందట. ఆ ఏడాదంతా నా తిండినే తిట్టుకున్నాను.

గుణుపురం షటిల్:
నేను సన్నగా ఉంటాను, పదేళ్లుగా రోజూ షటిల్ ఆడుతున్నాను. అయినా 34 ఏళ్లకి ఎల్‌డీఎల్ 214. నాన్నగారికి 45 దాటకుండానే గుండెపోటు వచ్చింది. ఇది వంశంలోంచి వచ్చింది, ఆటతో తగ్గేది కాదు, మాత్ర తప్పదు అన్నారు. తమ్ముడికీ పరీక్ష చేయిస్తే వాడికీ ఉంది. ఇంట్లో చిన్నవయసు గుండెపోట్లుంటే మూడు నెలలు ఆగకండి, ముందే డాక్టరుతో చెప్పండి.

బరంపురం చీరలకొట్టు:
మా ఇంట్లో అలాంటివి లేవు తమ్ముడూ. మాస్టారూ, రోజూ కొట్టు వదలడం కష్టం. ఆదివారం తారాతారిణి కొండ 999 మెట్లు ఎక్కేస్తే సరిపోదా?

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మవారి దర్శనానికి వెళ్లండి, తప్పకుండా. కానీ ఆరు రోజులు కూర్చుని ఏడోరోజు ఒక్కసారి అన్ని మెట్లంటే గుండెకి భారం బాబూ. ముందు చదునునేల మీద పదిహేను నిమిషాలతో మొదలెట్టి వారానికి 150 నిమిషాలకి పెంచుకోండి. ఛాతీలో పట్టేసినా, ఎడమచెయ్యి లాగినా ఆగిపోయి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

బరంపురం చీరలకొట్టు (మూడు నెలల తరవాత):
రిపోర్టు వచ్చింది. ట్రైగ్లిజరైడ్లు 165, హెచ్‌డీఎల్ 39, ఎల్‌డీఎల్ 149, మొత్తం 221. నాలుగు కిలోలు తగ్గాను. పొద్దున్న అయిదున్నరకి నడక, మధ్యాహ్నం బేరం లేనప్పుడు కొట్టు వెనక వీధిలో పది నిమిషాలు. అప్పడాలు వేయించడం మానేసి కాల్చుకుంటున్నాం. మాత్ర ఇంకో మూడు నెలలాగి చూద్దామన్నారు. మాస్టారు చెప్పినట్టు ఎల్‌డీఎల్ మొండిగానే ఉంది, కానీ ముందే విని ఉన్నాను కాబట్టి బెంగ పడలేదు. సిరొంచ అన్నా, మళ్లీ గోలి మొదలెట్టాక మీది ఎంతకి దిగిందో చెప్పలేదు.

సిరొంచ అన్న:
104 అన్నా. వచ్చే నెల మల్ల పరీక్ష ఉన్నది, గిక్కడనే పెడ్త.