"నరుడు జీవాత్మ ఆయెను": ఈ వాక్యంలో జీవాత్మ అంటే ఏంటి?

పోస్ట్:

అందరికీ నమస్కారం, సంఘస్థులకు వందనాలు. మా ఊరి సంఘంలో ఆదివారం పిల్లలకు బైబిల్ పాఠం చెబుతుంటాను. మొన్న ఆదికాండము 2:7 చదివించాను. "దేవుడైన యెహోవా నేలమంటితో నరుని నిర్మించి వాని నాసికారంధ్రములలో జీవవాయువును ఊదగా నరుడు జీవాత్మ ఆయెను." పదో తరగతి చదివే అబ్బాయి లేచి, "అయితే కుక్కకి జీవాత్మ ఉండదా సార్?" అన్నాడు. ఉండదు బాబూ, అది మనిషికి ఒక్కడికే అని వెంటనే చెప్పేశాను. ఇంటికొచ్చాక మనసు కుదురుగా లేదు. రాత్రి బైబిల్ ముందేసుకుని కూర్చుంటే, వాడికి తప్పు చెప్పానని తేలింది.

ముందు క్రియ చూడండి. "నరునికి జీవాత్మ కలిగెను" అని లేదు, "నరుడు జీవాత్మ ఆయెను" అని ఉంది. నేను ఇన్నేళ్లూ ఇది చదువుతూనే, దేవుడు మట్టిబొమ్మలో ఒక ఆత్మను పెట్టాడని అర్థం చేసుకుంటూ వచ్చాను. వాక్యంలో ఊదింది ఆత్మను కాదు, జీవవాయువును. ఆ ఊపిరి తగలగానే మట్టి మనిషి మొత్తంగా జీవాత్మ అయ్యాడు. అంటే జీవాత్మ అతని లోపల ఉన్న వస్తువు కాదు, అతనే.

హీబ్రూలో ఇక్కడున్న మాట నెఫెష్ హయ్యా, నెఫెష్ అంటే ప్రాణి, హయ్యా అంటే జీవించే. ఇదే మాట మొదటి అధ్యాయం 20వ వచనంలో నీళ్లలో తిరిగేవాటికి, 24లో నేల మీది జంతువులకు వాడారు. మన పాత తెలుగు బైబిల్లో అక్కడ "జీవముకలిగి చలించువాటిని", "జీవముగలవాటిని" అని వేసి, మనిషి దగ్గరికి వచ్చేసరికి "జీవాత్మ" అన్నారు. హీబ్రూ చదివేవాడికి చేపకీ మనిషికీ ఒకే మాట కనిపిస్తుంది, తెలుగు చదివేవాడికి ఆ సంగతే తెలియదు.

ఇంకో విచిత్రం. జలప్రళయం దగ్గర 7:22 చూడండి, అక్కడ చనిపోయినవాటిని "నాసికారంధ్రములలో జీవాత్మ సంబంధమైన ఊపిరిగలవన్నియు" అన్నారు. అందులో పశువులూ పక్షులూ ఉన్నాయి! కుక్క ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. యెహెజ్కేలు 37లో ఎండిన ఎముకల దర్శనంలోనూ "జీవాత్మ" వస్తుంది కానీ అక్కడ హీబ్రూ మాట నెఫెష్ కాదు, రూఆహ్, అంటే ఊపిరి, గాలి, ఆత్మ. వేర్వేరు హీబ్రూ మాటలకు తెలుగులో ఒకే మాట పడింది.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది 1 కొరింథీయులకు 15:45. పౌలు ఆదికాండములోని ఈ వాక్యాన్నే ఎత్తి చెబుతాడు, అక్కడ మన తెలుగులో "ఆదామను మొదటి మనుష్యుడు జీవించు ప్రాణి ఆయెను" అని ఉంది. అదే బైబిల్, అదే వాక్యం, ఒకచోట జీవాత్మ, ఇంకోచోట జీవించు ప్రాణి. నా మటుకు రెండోదే సరైనది అనిపిస్తోంది. భాష తెలిసినవాళ్లు చెప్పండి.

వ్యాఖ్య:

మంచి ప్రశ్న అండి. నేను క్రైస్తవురాలిని కాదు, సంస్కృతం చదువుకున్నదాన్ని, ఆ వైపు నుంచి ఒక మాట. తెలుగువాళ్లకు జీవాత్మ అనగానే పక్కన పరమాత్మ గుర్తొస్తాడు, అది జంట మాట. అద్వైతులు ఆ రెండూ ఒకటే అంటారు, విశిష్టాద్వైతులు, ద్వైతులు వేరంటారు, కానీ ఎవరి లెక్కలోనైనా జీవాత్మకు పుట్టుక లేదు. గీత రెండో అధ్యాయం చెప్పేదీ అదే. అందుకని "జీవాత్మ ఆయెను" అన్న మాట మొదటిసారి చదివినప్పుడు నాకు చాలా వింతగా అనిపించింది. ఎప్పుడూ ఉండేది "అవడం" ఏమిటి? మీ వాక్యం చెప్పేదానికి, ఆ మాట మోసుకొచ్చే అర్థానికి పొసగదు. ప్రాణి అంటే ఆ ఇబ్బంది లేదు.

పోస్ట్ రాసినవారి జవాబు:

మేడం, నేను చెప్పలేకపోయింది మీరు చెప్పారు. మా విశ్వాసానికి ఆయువుపట్టు అక్కడే ఉంది. ఒకప్పుడు దేవుడు తప్ప ఏదీ లేదు, జీవం దేవుడి నుంచి ఇవ్వబడింది, మనిషిది కూడా. "ఆయెను" అన్న చిన్న క్రియలో ఆ సంగతంతా ఉంది. పుట్టుక లేని మాటను దాని పక్కన పెడితే ఆ క్రియ బలం పోతుంది. 1805లో విశాఖపట్నంలో దిగిన మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ కాలం నుంచి అనువాదానికి కూర్చున్న మిషనరీలకూ పండితులకూ చేతిలో ఉన్నవి మన మాటలే కదా, వాటికే కొత్త అర్థం నేర్పాల్సి వచ్చింది. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

వ్యాఖ్య (పైన రాసిన ఆమె):

అలా అయితే "సృజించెను" కూడా చూడండి. సంస్కృతంలో సృజ్ ధాతువుకు మూలార్థం వదలడం, వెలికి పంపడం. విసర్జన, ఉత్సర్గం అన్నీ దాని పిల్లలే. లోపలున్నది బయటికి వదలడం సృష్టి. లేనిదాన్ని కలిగించడం అనే అర్థం ఆ ధాతువులో లేదు.

పోస్ట్ రాసినవారి జవాబు:

ఇది నాకు తెలియదు మేడం, నిజంగా కృతజ్ఞతలు. హీబ్రూలో అక్కడ బారా అని ఉంది. పాత నిబంధనలో ఆ క్రియ ఈ అర్థంలో వచ్చినప్పుడు కర్త ఎప్పుడూ దేవుడే. కుమ్మరి కుండ చేస్తాడు, వడ్రంగి తలుపు చేస్తాడు, వాళ్లకు బారా వాడరు. మొదటి అధ్యాయంలో అది మూడు చోట్ల వస్తుంది. 1వ వచనంలో భూమ్యాకాశాలకు, 21లో నీటి ప్రాణులకూ పక్షులకూ, 27లో మనిషికి, అక్కడైతే ఒక్క వచనంలోనే మూడుసార్లు. తెలుగులోనూ ఆ చోట్ల "సృజించెను" అనే వేశారు, సూర్యచంద్రుల దగ్గర "చేసెను". మొక్కల దగ్గర బారా లేదు, నెఫెష్ కూడా లేదు. నెఫెష్ మొదలైన చోట బారా మళ్లీ వచ్చిందంటే, జీవంగలది కేవలం పదార్థం నుంచి దానంతట అది రాలేదని రచయిత చెబుతున్నాడని నేను నమ్ముతాను.

వ్యాఖ్య:

బయాలజీ చెబుతాను కాబట్టి ఒక అభ్యంతరం. 24వ వచనంలో "జీవముగలవాటిని భూమి పుట్టించు" అనే ఉంది కదండీ. భూమే కర్త. రష్యా శాస్త్రవేత్త ఒపారిన్ 1924లో, బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్ 1929లో చెప్పింది ఇంచుమించు అదేగా, తొలి సముద్రపు నీళ్లలో రసాయనాలు కలిసి జీవం మొదలైందని. (ఆ హాల్డేనే 1957లో మన దేశానికి వచ్చి, భువనేశ్వర్‌లో 1964లో కన్నుమూశాడు.) 1953లో మిల్లర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మీథేన్, అమోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి మీద విద్యుత్తు మెరుపులు పుట్టిస్తే అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీన్లు తయారయ్యే చిన్న అణువులు, వచ్చాయి. పూర్తి దారి ఇంకా తెలియదు, నిజమే, కానీ తెలియని చోటల్లా దేవుడిని పెట్టడం సైన్సు కాదు.

పోస్ట్ రాసినవారి జవాబు:

సార్, మీ అభ్యంతరం న్యాయమైనదే. ముందు భాష. ఆ చోట హీబ్రూ క్రియకు అర్థం "బయటికి రప్పించు", తెలుగులో "పుట్టించు" అనడంతో భూమికి తల్లి స్థానం వచ్చింది. అదీగాక ఆ వచనం ఆజ్ఞ, నెరవేర్పు తర్వాతి వచనంలో ఉంది, అక్కడ కర్త దేవుడే, "చేసెను". ఇక మిల్లర్ సంగతి. అమైనో ఆమ్లాలు ఇటుకలు, ఇల్లు కాదు. పైగా అవి మన రెండు చేతుల్లా ఒకదానికొకటి అద్దంలో బింబంలా రెండు రూపాల్లో ఉంటాయి, ఆ ప్రయోగంలో ఎడమచేతివీ కుడిచేతివీ కలగలిసి వచ్చాయి, మన ఒంట్లో ప్రొటీన్లలో ఉండేవి ఎడమచేతివి. నాకు తెలియనిచోట దేవుడిని పెట్టడం లేదు సార్. రేపు ఆ దారి ఎవరైనా పూర్తిగా చూపించినా, ఊపిరి ఇచ్చినవాడు ఆయనే అని నేను ప్రార్థన చేస్తాను. ఇది ల్యాబ్‌లో తేలేది కాదు, నా విశ్వాసం, దాన్ని సైన్సు పేరుతో మీకు అమ్మను. తెలుగులో "జీవం ఎలా పుట్టింది" అని మీరు అడుగుతారు, "ఎవరు పుట్టించారు" అని నేను అడుగుతాను. ఒక్క "ఇంచు" తేడా, కానీ అడిగేది వేరే ప్రశ్న.

వ్యాఖ్య:

మన్నుతో చేశాడు కాబట్టే మనిషి అన్నారని మా పాస్టర్ గారు చెబుతారు. నిజమేనా?

పోస్ట్ రాసినవారి జవాబు:

వినడానికి బాగుంటుంది తమ్ముడూ, కానీ కాదు. మనిషి సంస్కృతంలోని మనుష్య నుంచి వచ్చింది, మన్ను ద్రావిడ మాట. అసలైన చమత్కారం హీబ్రూలో ఉంది, అదామా అంటే నేల, ఆదాం అంటే మనిషి. "నేలమంటితో నరుని" అన్నప్పుడు అది పోయింది. పాస్టర్ గారు ఆ సంగతి తెలిసి తెలుగులో దానికి జోడీ వెతికి ఉంటారు, ఆయన్ని ఏమీ అనకండి.

వచ్చే ఆదివారం ఆ అబ్బాయిని అందరి ముందూ నిలబెట్టి, నేను చెప్పింది తప్పు, నువ్వు అడిగింది సరి అని చెబుతాను. కుక్క కూడా ఆయన ఊపిరితో బతికేదే, మనిషికి ఉన్న ప్రత్యేకత 1:27లోని "దేవుని స్వరూపమందు" అన్న మాటలో ఉంది అని చూపిస్తాను. ఈలోగా కతోలిక సోదరుల దగ్గర వాళ్ల తెలుగు అనువాదం ఉంటే 2:7 ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, వాళ్లు ఏ మాట వాడారో చూడాలని ఉంది.