డిగ్రీలో సైన్సు, మతం ఒకే పేపరుగా చెప్పొచ్చా?

ఫిజిక్స్ లెక్చరర్, నల్లగొండ:
2 క్రెడిట్లు, 30 పీరియడ్లు ఇస్తే చెప్పొచ్చు. మన పానగల్ ఛాయా సోమేశ్వరాలయంతోనే మొదలుపెట్టాలి. పొద్దు ఎటు తిరిగినా లింగం వెనక గోడ మీద పడే స్తంభం నీడ కదలదు. నేరుగా పడే ఎండ నీడైతే గంటకు 15 డిగ్రీల చొప్పున జరిగే సూర్యుడితోపాటే జరగాలి. గర్భగుడిలోకి వచ్చేది సందుల్లోంచి చెదిరిన వెలుతురు. సందులు కదలవు, నీడా కదలదు.

క్లాసులో చేయించాలి. నల్లచార్టులో రెండు వేళ్ల వెడల్పు సందు కోసి ట్రేసింగ్ పేపరు అంటించండి. వెనక పెన్సిలు నిలబెట్టి, దానికి దగ్గరగా తెల్లకాగితం పెట్టండి. చార్టు ముందు టార్చిని పక్కకు జరిపినా నీడ నిలుస్తుంది. ట్రేసింగ్ పేపరు తీసేస్తే నీడ కూడా జరుగుతుంది. టార్చి మరీ దగ్గరైతే పేపరు మీది వెలుగుచుక్కే దీపమై ప్రయోగం చెడుతుంది. పెన్సిలు కాగితానికి దూరమైతే అంచులు మసకబారి నీడే మాయమవుతుంది. గది చీకటిగా ఉండాలి.

జువాలజీ లెక్చరర్, మహబూబ్‌నగర్:
ప్రయోగం బాగుంది సార్, ఫిజిక్స్‌లోనే చెప్పండి. మతం పేరెత్తితే "పూర్వీకులకు డిఫ్రాక్షన్ (అంచు దగ్గర కాంతి వంగడం) తెలుసు" అని పిల్లలు జవాబు రాస్తారు. దానికి మార్కులెన్ని? పైగా పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే కాలేజీలో మతబోధన కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తున్నది.

హిస్టరీ లెక్చరర్, మిర్యాలగూడ:
మేడమ్, బోధన వేరు, అధ్యయనం వేరు. అరుణా రాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు మతాల గురించి చదవడాన్ని ఆ అధికరణం ఆపదన్నది. పైగా సైన్సుకూ మతానికీ మధ్య మీరనుకునే గీత చరిత్రలో అంత తిన్నగా లేదు. గ్రహణం నీడవల్లేనని 499లో ఆర్యభటుడు రాశాడు. 628లో బ్రహ్మగుప్తుడు నీడ లెక్కలు తానూ కడుతూనే, రాహువును కాదన్నవాళ్లను తప్పుపట్టాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివించడానికి ఏ సైన్సు పేపర్లో చోటుంది?

ఫిజిక్స్ లెక్చరర్, నల్లగొండ:
డిఫ్రాక్షన్ జవాబుకు సున్నానే మేడమ్. కాంతి తరంగదైర్ఘ్యం మిల్లీమీటరులో వెయ్యోవంతుకన్నా తక్కువ. రాతిస్తంభం పక్కన, నాలుగైదు మీటర్ల దూరంలో వంపు మిల్లీమీటర్లలోనే ఉంటుంది, అంత వెడల్పాటి వెలుతురులో అదీ కనపడదు. శిల్పులకు ఏం తెలుసన్నది మాత్రం నీడ చెప్పదు, శాసనాలే చెప్పాలి. అందుకే ప్రశ్నపత్రం రెండు భాగాలు: ఒకటి నేను దిద్దుతా, రెండోది హిస్టరీ సార్.

జువాలజీ లెక్చరర్, మహబూబ్‌నగర్:
ఒక పీరియడ్‌లో ఇద్దరు నిలబడితే వర్క్‌లోడ్ ఎవరి పేర రాస్తారు? అది తేలకపోతే ఏ సబ్జెక్టూ రాని ఒక్కరికి అప్పగిస్తారు. అప్పుడు నా భయమే నిజమవుతుంది. ఇద్దరి పేరూ టైంటేబుల్‌లో ఉంటుందని ముందే రాసిస్తే ఒప్పుకుంటా.