సరిహద్దు, వరుస, బేస్‌బాల్: టెక్సస్ నుంచి ఒక సంప్రదాయవాది మాట, మీ అనుభవాలూ చెప్పండి

ఫ్రిస్కో నివాసి

నేను 1999లో హెచ్-1బి వీసాపై డల్లాస్‌కు వచ్చాను. 2007లో గ్రీన్ కార్డు, 2013లో పౌరసత్వం లభించాయి. నాటి నుంచి ప్రతి ఎన్నికలోనూ రిపబ్లికన్ పార్టీకే ఓటు వేస్తున్నాను. పరాయి దేశం నుంచి వచ్చి స్థిరపడినవాడివి, సరిహద్దు మూయాలని ఎలా అంటావని మన ఉగాది సభల్లో నన్ను నిలదీసినవారు చాలామంది ఉన్నారు. వారికి నిలబడి చెప్పలేకపోయిన సమాధానాన్ని ఇక్కడ స్థిమితంగా రాసి, మీ అనుభవాలను కూడా వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నాకు వలసతో పేచీ లేదు. వరుస తప్పడంతోనే పేచీ. 1946 చట్టం భారతీయులకు ఏడాదికి ఇచ్చిన ప్రవేశాలు 100 మాత్రమే. 1965లో అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన చట్టం దేశాలవారీ పాత కోటాలను రద్దు చేయకపోయి ఉంటే మనలో ఎక్కువమందిమి ఇక్కడ ఉండేవాళ్ళమే కాదు. నాకు తలుపు తెరిచింది చట్టం కనుక, ఆ చట్టం నిలవాలని కోరుకోవడం నా బాధ్యత అనుకుంటాను. 1986లో అధ్యక్షుడు రీగన్ హయాంలో, పత్రాలు లేని సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధత ఇచ్చారు. పత్రాలు లేనివారిని పనిలో పెట్టుకొనే యజమానులను శిక్షిస్తామని అదే చట్టంలో రాసుకున్న మాట మాత్రం చాలావరకు అమలు కాలేదు. 2023 డిసెంబరు ఒక్క నెలలోనే దక్షిణ సరిహద్దున గస్తీ దళం పట్టుకున్న అక్రమ ప్రవేశాలు దాదాపు 2.5 లక్షలకు చేరడం చూసినప్పుడు, ఆనాటి ఉల్లంఘన ఫలితమే ఇదని నాకు అనిపించింది.

ఇక బేస్‌బాల్ సంగతి. 2000 వేసవిలో నా సహోద్యోగి ఒకరు నన్ను ఆర్లింగ్టన్‌లో మా టెక్సస్ జట్టు రేంజర్స్ ఆటకు తీసుకువెళ్ళారు. అప్పటి మైదానానికి పైకప్పు లేదు, మాడు పగిలే ఎండ. క్రికెట్ మీద పెరిగిన నాకు మొదటి మూడు ఇన్నింగ్స్‌లో ఏమీ జరగనట్టే తోచింది. అప్పుడాయన ఒక పెన్సిల్, స్కోరు కాగితం నా చేతిలో పెట్టి, బంతి విసిరే పిచ్చర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్‌మన్ 3, రెండో బేస్‌మన్ 4, రెండు, మూడు బేస్‌ల మధ్య నిలిచే షార్ట్‌స్టాప్ 6 అని లెక్క నేర్పారు. షార్ట్‌స్టాప్ నుంచి రెండో బేస్‌మన్‌కు, అక్కడి నుంచి మొదటి బేస్‌మన్‌కు బంతి వెళ్ళి ఇద్దరు అవుటైతే కాగితంపై 6-4-3 అని రాయాలి. ఆ రోజు నుంచి నేను స్కోరు రాయకుండా ఆట చూడలేదు. బంతిని ప్రేక్షకుల మధ్యకు కొట్టి హోమ్ రన్ సాధించినవాడు కూడా నాలుగు బేస్‌లనూ వరుసగా తాకి తీరాలి, ఒకటి తప్పితే ప్రత్యర్థి అభ్యర్థన మీద అవుటే. ఈ నియమం నాకెంతో నచ్చింది.

2011లో సెయింట్ లూయిస్‌పై రెండుసార్లు ఒక్క స్ట్రైక్ దూరంలో, అంటే బ్యాటర్ ఇంకొక్క బంతి తప్పితే చాలనగా, వరల్డ్ సిరీస్ టైటిల్ చేజారిన రాత్రి నా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. 2023లో ఆ లోటు తీరింది. వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో, 11వ ఇన్నింగ్‌లో హోమ్ రన్ కొట్టి గెలిపించిన అదోలిస్ గార్సియా క్యూబాలో పుట్టినవాడు. 2021 ఫిబ్రవరిలో రేంజర్స్ అతన్ని ప్రధాన జాబితా నుంచి తప్పించినప్పుడు మరే జట్టూ తీసుకోలేదు. అలాంటివాడికి మైదానమంతా లేచి నిలబడింది. ఈ దేశం బయటివారిని ఎంత గాఢంగా తన వారిని చేసుకోగలదో నాకు ఆ రాత్రి అర్థమైంది.

మెకాలెన్ వైద్యురాలు

మీ మాటల్లో నిజాయతీ ఉంది కనుక సూటిగానే రాస్తాను. నేను 14 ఏళ్ళుగా మెక్సికో సరిహద్దున ఉన్న రియో గ్రాండే లోయలో వైద్యం చేస్తున్నాను. సరిహద్దు దాటి వచ్చిన గర్భిణులనూ చూశాను, అదే వారంలో గస్తీ దళంలో పనిచేసే వారి పిల్లలకు టీకాలూ వేశాను. మీరు చెప్పని విషయం ఒకటుంది: 1980 నాటి శరణార్థుల చట్టం ప్రకారం ఈ నేల మీద అడుగుపెట్టినవారు, ఏ దారిన వచ్చినా సరే, ఆశ్రయం కోరవచ్చు. అంటే వారిలో చాలామంది కూడా చట్టం చూపిన తలుపు దగ్గరే నిలబడుతున్నారు. విచారణకు ఏళ్ళు పట్టడమే అసలు జబ్బు; 2023 చివరికి వలస కోర్టుల్లో పేరుకుపోయిన కేసులు 30 లక్షలు దాటాయి. న్యాయమూర్తులను పెంచి, ఆరు నెలల్లో తీర్పు చెబితే, అర్హులకు ఊరట దక్కుతుంది, అనర్హులకు దళారుల చేతిలో డబ్బు పోయడంలో అర్థం ఉండదు.

అయినా ఇక్కడివారి మనసు మీకు దగ్గరగానే ఉంది. దాదాపు అందరూ మెక్సికన్ మూలాలవారే అయిన స్టార్ కౌంటీ 1892 తర్వాత మొదటిసారి 2024లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిని గెలిపించింది. నా దగ్గర పనిచేసే నర్సు తాతగారు నది దాటి వచ్చినవారే, ఆమె ఓటు మాత్రం మీ పార్టీకే పడింది. ధరలు, చర్చి, నేలమీద క్రమం అని ఆమె కారణాలు చెప్పింది.

ఎడిసన్ తండ్రి

ఫ్రిస్కో నివాసి గారూ, నేను వరుసలోనే ఉన్నాను. ఉన్నత విద్యార్హతలున్న ఉద్యోగులకిచ్చే ఇబి-2 తరగతి గ్రీన్ కార్డుకు నా దరఖాస్తు తేదీ 2015. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అనే పరిమితి వల్ల, 2025 వేసవిలో భారతీయుల వరుస 2013 జనవరి 1 దగ్గర ఆగి ఉంది, అంటే ఆ తేదీకి ముందు దరఖాస్తు చేసినవారికే అవకాశం. నా కొడుకు మూడేళ్ళప్పుడు హైదరాబాదు నుంచి వచ్చాడు, ఇప్పుడు 17. హైస్కూల్ జట్టులో రెండో బేస్ ఆడతాడు. 21 నిండేలోగా నా గ్రీన్ కార్డు రాకపోతే హెచ్-1బి ఉద్యోగుల పిల్లలకిచ్చే వాడి హెచ్-4 హోదా పోతుంది. తెలుగు చదవడం రాని పిల్లవాడిని ఏ ఊరికి పంపమంటారు? పైగా మీరు ఓటు వేసిన ప్రభుత్వమే 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. వరుసలో నిలబడమన్నవారే వరుసను కదలనీయకపోతే మేమెలా నమ్మాలి?

ఫ్రిస్కో నివాసి

మీ ప్రశ్నకు నా దగ్గర సమర్థన లేదు, ఆ రుసుము తప్పని నేనూ అనుకుంటున్నాను. మోసం చేసే దళారీ కంపెనీలను పట్టుకోవాలంటే తనిఖీలు పెంచాలి గాని, నిజాయతీగా చదువుకున్న పిల్లల మీద లక్ష డాలర్ల భారం మోపకూడదు. 7 శాతం పరిమితి ఎత్తేయాలని నేను మా కాంగ్రెస్ సభ్యుడికి రెండుసార్లు రాశాను, మూడో ఉత్తరం మీ అబ్బాయి వంటి పిల్లల గురించే రాస్తాను. అది పంపేముందు మీకు చూపిస్తాను. వయసు లెక్కల్లో నేను పొరబడితే దిద్దండి. డాక్టరు గారు చెప్పిన న్యాయమూర్తుల సంగతి కూడా అందులో చేరుస్తాను, నేను ఇన్నాళ్ళూ సరిహద్దు గోడ గురించే మాట్లాడి కోర్టుల గురించి మాట్లాడలేదు.

ఎడిసన్ తండ్రి

ఉత్తరం పంపండి, ఈ రాత్రికే చూసి ఇస్తాను. మా వాడు స్కోరు కాగితం గురించి చదివి, 6-4-3లో 4 తానేనని మీకు చెప్పమన్నాడు.