సెల్ఫీ తీసుకోవడం, డిలీట్ చేయడం, అన్నం మానేయడం... మా చెల్లితో ఎలా మాట్లాడాలి?

పెద్దపిల్ల:
మా చెల్లికి 14 ఏళ్లు. ఈ మధ్య ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని ఫొటో తీసుకోవడం, రెండు వేళ్లతో ముక్కు దగ్గర పెద్దది చేసి చూసుకోవడం, డిలీట్ చేయడం, మళ్లీ తీసుకోవడం, ఇదే పని. క్లాసు గ్రూపులో ఎవరో దాని ఫొటో పెట్టి ముక్కు మీద ఏదో రాశారట, అందరూ నవ్వే ఎమోజీలు పెట్టారు, దాని ప్రాణస్నేహితురాలు కూడా. అప్పటి నుంచి ఆ అమ్మాయి పేరెత్తితే లేచి వెళ్లిపోతోంది. రాత్రి పూట తినడం మానేసింది. "బాగానే ఉన్నావే" అంటే "అక్కవి కాబట్టి అలాగే అంటావ్" అంటోంది. అమ్మేమో ఈ వయసులో ఇవన్నీ మామూలే అంటుంది. నాకు మాత్రం చాలా టెన్షన్‌గా ఉంది.

వెన్నెలగది:
ముక్కు గురించి వాదన పెట్టుకోకండి అక్కా. ఆ వయసులో నేనూ ఇలాగే ఉండేదాన్ని. ఎవరైనా "నువ్వు అందంగానే ఉన్నావు" అంటే ఒళ్లు మండేది, ఎందుకంటే మాట మళ్లీ నా మొహం దగ్గరికే వచ్చేది కదా. మీ చెల్లిని ఎక్కువ కోసింది ఆ స్నేహితురాలు పెట్టిన ఎమోజీ అని నాకనిపిస్తోంది. "అది కూడా నవ్విందంటే నీకెంత బాధేసి ఉంటుందో" అని ఒక్క మాట అని ఊరుకోండి, సలహా ఇవ్వకండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే బిగుసుకుపోతారు, పక్కపక్కన నడుస్తున్నప్పుడో బట్టలు మడతపెడుతున్నప్పుడో అయితే మాట తేలిగ్గా వస్తుంది.

ఫొటోలబ్బాయి:
పైన చెప్పిందే సరైనది. తనే ముక్కు ఊసెత్తితే మాత్రం ఈ సంగతి చెప్పండి. లెన్స్‌కి దగ్గరగా ఉన్నది పెద్దగా పడుతుంది, మొహంలో అన్నిటికన్నా ముందుండేది ముక్కు. 30 సెంటీమీటర్ల దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు ఉన్నదానికంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు. ఒకటిన్నర మీటరు దూరం నుంచి మీరే ఒక ఫొటో తీసి, దాని పక్కన సెల్ఫీ పెట్టి చూపించండి, తేడా తనకే తెలుస్తుంది. ఇంకోటి, తమ శరీరం గురించి బాధపడుతున్న అమ్మాయిల్లో 32 శాతం మంది ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను ఇంకా పెంచిందన్నారని ఆ కంపెనీ సొంత పరిశోధనలోనే ఉంది, 2021లో ఆ కాగితాలు బయటికొచ్చాయి. అంటే ఇది మీ చెల్లి ఒక్కదాని బలహీనత కాదు.

బడి కౌన్సెలర్:
నాకు ముక్కు కంటే ఆ మానేసిన భోజనం భయం. యుక్తవయసులో ఆడపిల్లలకు తుంటి దగ్గర, తొడల దగ్గర కొవ్వు చేరడం, బరువు పెరగడం శరీరం చేయాల్సిన పనే, దాన్ని తిండి మానేసి ఆపాలని చూస్తే మొత్తం ఒంటికే దెబ్బ. నెలసరి ఆగిపోవడం, ఎప్పుడూ చలి అనడం, జుట్టు ఊడడం, కళ్లు తిరగడం, తిన్న వెంటనే బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకోవడం, వీటిలో ఏది కనిపించినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, "చూద్దాంలే" అనుకోకూడదు. ఇంట్లో ఎవరి లావు, ఎవరి రంగు గురించీ మాట్లాడకండి, మెచ్చుకోలుగా కూడా వద్దు. ఆ గ్రూపు స్క్రీన్‌షాట్ ఉంటే దాచి, చెల్లికి చెప్పాకే టీచర్‌కి చూపించండి. తనకు తెలియకుండా వెళ్తే ఇంకెప్పుడూ మీకేమీ చెప్పదు.

పెద్దపిల్ల:
ఒకటి అడగాలి. ఉక్కపోతలో కూడా పొడుగు చేతుల చొక్కానే వేసుకుంటోంది. నేను అనవసరంగా ఊహించుకుంటున్నానా?

బడి కౌన్సెలర్:
ఊహించుకుంటూ కూర్చోకుండా నేరుగా అడిగేయండి. "బాధ తట్టుకోలేక చేయి కోసుకుంటున్నావా? చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఈ మాటలతోనే. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అలా పుట్టదు. అవునంటే అరవకండి, ఒట్టు వేయించుకోకండి, "ఎవరికీ చెప్పను" అని మాట కూడా ఇవ్వకండి. బ్లేడ్లు, మందులు అందకుండా తీసేయండి, అమ్మకు చెప్పండి, పిల్లల మానసిక వైద్యులను కలవండి. చచ్చిపోవాలని ఉందంటే ఆ రాత్రే ఆస్పత్రికి, అప్పటిదాకా ఒంటరిగా వదలొద్దు. కాదంటే, అడిగినందుకు కోప్పడినా సరే, రేపు కూడా పక్కన కూర్చోండి.

పెద్దపిల్ల:
ఇప్పుడే అమ్మతో మాట్లాడి, రాత్రికి చెల్లిని నేనే అడుగుతాను. ఏమందో ఇక్కడే రాస్తాను.