‘తన్ను మ్రుచ్చిలన్’: తన్ను తాను దొంగిలించడమేమిటి?

ప్రశ్న (విజయనగరం నుంచి):
గురజాడ ‘దిద్దుబాటు’ కథలో గోపాలరావు పశ్చాత్తాపం మీద మాట వచ్చినప్పుడు, నన్నయ భారతం ఆదిపర్వంలో తనను ఎరగనన్న దుష్యంతుడితో శకుంతల చెప్పిన ఈ చంపకమాల పద్యం గుర్తుకొస్తుంది.

విమల యశోనిధీ! పురుషవృత్త మెఱుంగుచు నుండుఁ జూవె వే
దములును బంచభూతములు ధర్మువు సంధ్యలు నంతరాత్మయున్
యముఁడును జంద్రసూర్యులు నహంబును రాత్రియు న న్మహాపదా
ర్థము లివి యుండఁగా నరుఁడు దక్కొన నేర్చునె తన్ను మ్రుచ్చిలన్

మనిషి నడతను ఇన్ని సాక్షులు చూస్తుండగా వాడు తన్ను మ్రుచ్చిలి తప్పించుకోగలడా అని భావం. తప్పును దాచుకోవడం అంటే తెలుస్తోంది. తన్ను దొంగిలించడం ఎలా? ‘అహంబు’ అంటే అహంకారమేనా?

జవాబు (బొబ్బిలి నుంచి):
ముందు అహంబు సంగతి చూద్దామండీ. ఇక్కడ అహంకారానికి చోటు లేదు. అహస్సు, అంటే పగలు. పక్కనే ‘రాత్రియు’ ఉంది చూడండి. వ్యాసుడి సంస్కృత మూలంలోనూ ‘అహశ్చ రాత్రిశ్చ ఉభే చ సంధ్యే’ అనే ఉంది. గాలి, నిప్పు, ఆకాశం, భూమి, నీరు అని వ్యాసుడు విడివిడిగా లెక్కపెట్టినవి నన్నయ చేతిలో ‘పంచభూతములు’ అనే ఒక్క మాటలో ఇమిడిపోయాయి. వేదాలను ఆయనే చేర్చాడు. అన్నిటికంటే నాకు నచ్చింది వేరే. వ్యాసుడు ‘హృదయం’ అన్నచోట నన్నయ ‘అంతరాత్మ’ అన్నాడు. మనవాళ్లు ఇప్పటికీ ‘గుండె మీద చెయ్యేసుకుని చెప్పు’ అంటారు కదా, అది వ్యాసుడి మాటకే దగ్గర.

మ్రుచ్చు అంటే దొంగ. మ్రాను మాను అయినట్టే మ్రుచ్చు ముచ్చు అయింది. ‘ముచ్చు మొహం’ అనడంలో ఆ మాట ఇంకా బతికే ఉంది. మ్రుచ్చిలు అంటే దొంగిలించు. తన్ను దొంగిలించడం అన్న ఊహకు మూలం భారతంలోనే, అదే శకుంతల మాటల్లో ఉంది: ‘యోఽన్యథా సంతమాత్మానమన్యథా ప్రతిపద్యతే, కిం తేన న కృతం పాపం చోరేణాత్మాపహారిణా’. తానున్నది ఒక తీరు, చూపుకునేది మరో తీరు. అలాంటివాడు తన్ను తానే ఎత్తుకుపోయిన దొంగ, వాడు చెయ్యని పాపమేముంది అని అడుగుతోంది. కాబట్టి ఇక్కడ దొంగసొత్తు తప్పు కాదు, మనిషి అసలు రూపమే.

ఇంకొకటి. భారతంలో శాపం లేదు, ఉంగరం లేదు. దుష్యంతుడికి అన్నీ గుర్తున్నాయి, తెలిసే కాదన్నాడు. కాళిదాసు దుర్వాసుడి శాపాన్ని తెచ్చి ఆ నేరం రాజు మీద లేకుండా చేశాడు. నాటకంలో మరుపు ఉంది కాబట్టి ఈ పద్యం అక్కడ అతకదు. తెలిసి ఆడిన అబద్ధానికే ఇది తగులుతుంది.

జవాబు (పార్వతీపురం నుంచి):
ఆ గీటురాయితోనే ‘దిద్దుబాటు’ చూడాలి. 1910లో వచ్చిన కథ. గోపాలరావు వెళ్లింది సాని పాటకు, భార్య కమలినితో చెప్పింది మీటింగులని, లోకహితమని. అక్షరాలా ‘అన్యథా ప్రతిపద్యతే’. అయితే ఒక చిక్కుంది మాస్టారూ. పుట్టింటికి వెళ్లిపోతున్నానని ఆమె రాసిన ఉత్తరం చదివాకే అతనికి బుద్ధి వచ్చింది. ఆ ఉత్తరం లేకపోతే అంతరాత్మ లేచేదా? పెళ్లాం పోయిందన్న దిగులునే మనం పశ్చాత్తాపం అంటున్నామేమో.

జవాబు (బొబ్బిలి నుంచి):
దిగులుతో మొదలైనా ఫరవాలేదు. గురజాడ కమలినిని మంచం కిందే ఉంచాడు. అంటే అతను ఒంటరిగా ఉన్నాననుకుని తన్ను తాను తిట్టుకున్న మాటలకు సాక్షి అక్కడే ఉంది. వినేవాళ్లు లేరనుకున్నప్పుడు ఆ మనిషి నిజం చెప్పాడా లేదా, నేను చూసేది అదొక్కటే. చెప్పాడు. కమలిని నవ్వింది కూడా అందుకే అని నా నమ్మకం.

జవాబు (శ్రీకాకుళం నుంచి):
మరి కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) ‘యజ్ఞం’ కథకి ఈ గీటురాయి చాలదండీ. సుందరపాలెం పంచాయితీలో తీర్పు చెప్పిన శ్రీరాములు నాయుడు అబద్ధమాడడు. సీతారాముడి కుటుంబం అప్పు నిజం, తీర్పు న్యాయమనే ఆయన నమ్మకం. పద్యం లెక్కన ఆయన తన్ను దొంగిలించుకోలేదు. అయినా ఆ తీర్పు తర్వాత సీతారాముడు తన బిడ్డను నరికి గోనెలో తెచ్చి సభ ముందు పెట్టాడు, వాడు అప్పుకి బానిస కాకూడదని. పద్యంలో ‘ధర్మువు’, ‘అంతరాత్మ’ రెండూ సాక్షులే, రెండిటిదీ ఒకే మాట అనుకుంటాం. ఇక్కడ నాయుడి అంతరాత్మ ఊరి ధర్మాన్ని నేర్చుకుని, దాని పాఠమే తిరిగి అప్పజెబుతోంది. అబద్ధం ఏ ఒక్కడి నోట్లోనూ లేదు, లెక్క రాసిన పద్ధతిలో ఉంది. పద్యాన్ని గోపాలరావు దగ్గర వాడండి, బాగా పలుకుతుంది. నాయుడి దగ్గరికి వచ్చేసరికి ‘తన్ను’ అన్న ఏకవచనమే అడ్డుపడుతుంది.